రెండు సీట్ల కారు

"రేపు సాయంత్రం డాక్టర్ పద్మనాభాన్ని దేశం దాటిస్తున్నారు," అన్నాడు చీఫ్ బ్రహ్మచారి.

బయట ట్యూషన్ సెంటర్ బోర్డు వేలాడే సైనిక్‌పురి సేఫ్ హౌస్ అది. ఎదురుగా కూర్చున్న ఏజెంట్ విజయేందర్ తలూపాడు. మిసైల్ గైడెన్స్ సైంటిస్టు పద్మనాభం వారం కిందట మాయమయ్యాడు. విదేశీ ముఠా ఆయన్ని అల్వాల్‌లోని ఓ బంగళాలో దాచిందని కబురు పంపింది వసుధ. ముఠా నాయకుడి పార్టీల్లో మెరిసిపోయే ఆ అందగత్తె తమ మనిషేనని వాళ్ల నమ్మకం. నిజానికి ఆమె ఈ డిపార్ట్‌మెంట్ మనిషి.

ఆ ముఠాలో చొరబడటానికి విజయేందర్ చాలాకాలంగా ఫ్రెంచ్ గడ్డంతో, డాట్‌కామ్ కంపెనీ ఓనర్ వేషంలో తిరుగుతున్నాడు. వేషానికి తగ్గట్టు ఎర్రటి ఇటాలియన్ స్పోర్ట్స్ కారు ఇచ్చారు. ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర అది ఆగితే బస్సులోని జనం కిటికీల్లోంచి తొంగిచూసేవారు. ఆ చూపులకు అతను అలవాటుపడిపోయాడు.

రేపు మాత్రం సొంత పాత మారుతిలో వెళ్లమన్నాడు చీఫ్. "షో అయిపోయింది, విజయేందర్. ప్లాన్ ఎప్పుడు ఎటు తిరుగుతుందో తెలియదు. నలుగురు పట్టే బండి తీసుకెళ్లు."

"స్పీడ్ కావాలి సార్. పైగా ఆ కారును చూసే గేటు తెరుస్తారు."

అతని ముఖం చూసినా తెరుస్తారని ఇద్దరికీ తెలుసు. చీఫ్ బంగళా మ్యాపు ముందుకు జరిపాడు.

ప్లాన్ సింపుల్. వసుధ డాక్టర్‌ని వెనక వరండాలోకి తెస్తుంది. విజయేందర్ ఆయన్ని ఎక్కించుకుని వెళ్లిపోతాడు. ఎవరికీ అనుమానం రాకుండా ఆమె అక్కడే ఉండిపోతుంది. ఆమె చెవి కమ్మలో మైక్, అతని చెవిలో రిసీవర్. చాయ్ రెడీ అంటే డాక్టర్ సిద్ధం. పాలు విరిగినయి అంటే గుట్టు రట్టయిందని అర్థం.

మరునాడు బంగళా గేటు దాటుతుండగా రిసీవర్‌లో ఆమె గొంతు వినిపించింది. "చాయ్ రెడీ." కారు వెనక వరండా చేరేలోగా అదే గొంతు రొప్పుతూ, "పాలు విరిగినయి," అంది.

వసుధ డాక్టర్‌ని దాదాపు మోసుకొస్తోంది. మత్తులో ఉన్న ఆ భారీ మనిషిని ఇద్దరూ కలిసి సీట్లోకి నెట్టారు. లోపల అరుపులు, పరుగులు. ముఠా వ్యాన్ స్టార్టయింది.

"నువ్వు సుత ఎక్కు," అన్నాడు విజయేందర్.

ఆమె డాక్టర్ ఒళ్లో ఒదిగి కూర్చోబోయింది. తలుపు పడలేదు. మళ్లీ లాగింది. పడలేదు. అప్పుడు దిగిపోయి, తలుపు మెల్లగా మూసి, హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ తీసింది.

"ఈ కార్ల నాకు జాగ లేదు. ఆయన్ని తీస్కపో. జల్ది పో."

అతను పోయాడు. ఆమె లోపలివైపు నుంచి గేటు మూసి, దానికి వీపు ఆన్చి నిలబడటం అద్దంలో కనిపించింది. రిసీవర్‌లో తూటాల మోత, ఆ వెనకే ఆమె ఊపిరి. ఏదో చెప్పబోయింది. కానీ ఆ కారు వేగానికి రేంజ్ దాటిపోయింది.

గేటు బద్దలుకొట్టుకుని వ్యాన్ రోడ్డెక్కే క్షణానికి, అప్పుడే చేరుకున్న డిపార్ట్‌మెంట్ కమాండోలు దాన్ని చుట్టుముట్టారు. డాక్టర్ క్షేమం. ముఠా మొత్తం దొరికింది. వసుధ గేటు పక్కన దొరికింది.

కూతురు కాల్ సెంటర్‌లో పనిచేస్తోందనుకున్న అనసూయమ్మకు రోడ్ యాక్సిడెంట్ అని చెప్పారు. మల్కాజ్‌గిరిలోని ఆ ఇంటికి విజయేందర్ గడ్డం గీయించుకుని వెళ్లాడు. ఆమె అతనికి మంచినీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది.

"నా బిడ్డ బాగ తక్లీఫ్ పడ్డదా, బాబూ?"

"లేదమ్మా. ఏమైందో తెలిసేలోపే పోయింది."

ఆమె నమ్మింది. నమ్మి, కొంగుతో కళ్లు ఒత్తుకుని, అన్నం తిని పొమ్మంది. అతను తిన్నాడు.

నెల తిరక్కుండానే డిపార్ట్‌మెంట్ అతనికి ప్రశంసాపత్రం ఇచ్చింది. అందులో ప్రత్యేకంగా మెచ్చుకున్నది అతని వేగాన్నే.