సీసం తాత చెరిపేసిన పేర్లు

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు... అమావాస్య!

నడినెత్తిన వెలగవలసిన సూర్యుణ్ణి కాటుక మబ్బులు మింగేశాయి. పట్టపగలే వీధి దీపాలు వెలిగాయి. పగటిపూట కూయకూడని గుడ్లగూబ ఎక్కడో మూడుసార్లు కూసి, ఎవరో నోరు నొక్కినట్టు ఆగిపోయింది. ఫెళఫెళమని ఉరిమిన ఉరుముకు ఆ రెండో అంతస్తు గదిలో కిటికీ అద్దాలు గజగజలాడాయి. గదిలో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళలో ఒక్కరే ఉలిక్కిపడ్డారు.

ఆ గది పాత కంప్యూటర్లను బాగుచేసే దుకాణం. దాన్ని నడిపే ఆమెను వీధివీధంతా 'డిస్కుల డాక్టరమ్మ' అంటారు. కొత్త మిషన్లు తెచ్చేవాళ్ళను మొహమాటం లేకుండా పక్క దుకాణానికి పంపేస్తుంది. పాతికేళ్ళ నాటి డిస్కు, పదిమంది చేతులెత్తేసినది తెస్తే మాత్రం కళ్ళు మెరుస్తాయి. "ముసలి ప్రాణాలతో నాకు బాగా కుదురుతుంది" అని నవ్వుతుంది. ఈవేళ ఆ నవ్వు లేదు. బల్ల మీద పసుపెక్కిపోయిన పాత కంప్యూటరు. ఎదురుగా కుర్చీలో ఆమె చెల్లెలు. చెల్లెలి కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు మాత్రం లేదు.

పొద్దున టీ గ్లాసు అందిస్తుంటే ఆ చెల్లెలే ఆమెను ఎగాదిగా చూసి అడిగింది, "మీరెవరండీ?"

ఆ ప్రశ్న డాక్టరమ్మకు కొత్త కాదు. ఆరేళ్ళ కిందట అమ్మ కూడా సరిగ్గా ఇలాగే అడిగింది. అమ్మ ఒక ప్రెస్సులో ప్రూఫ్ రీడరు. చేతిలో ఎర్ర పెన్సిలు లేకుండా ఎవరూ చూడలేదు. అందరికీ ఆమె 'ప్రూఫమ్మ'. తప్పు కనబడితే దాటెయ్యకూడదన్నది ఆమె మాట. అటువంటి మనిషి ఉన్నట్టుండి ఒక్కొక్క మాటే, ఒక్కొక్క మనిషినే మరిచిపోతూ వచ్చి, చివరికి కడుపున పుట్టిన పెద్ద కూతుర్నే "మీరెవరండీ?" అంది. రోజూ అదే ప్రశ్న విని విని ఒకరోజు పెద్ద కూతురు విసుగుతో, "కంప్యూటర్లు బాగుచేసే మనిషినిలెండి!" అనేసింది. ఆ ముసలి ప్రాణం అదే నిజమనుకుంది. పోయేదాకా "కంప్యూటర్ మనిషి వచ్చింది, కూర్చోబెట్టండి" అనేది. ఆ మాట డాక్టరమ్మ గొంతులో ముల్లులా ఉండిపోయింది.

అమ్మ కుర్చీలోకి చెల్లెలు వెళ్ళింది. అదే ప్రెస్సు, అదే కంప్యూటరు. నెలన్నర కిందట ప్రెస్సు మూతపడితే, అమ్మ వాడిన మిషను కదా అని ముచ్చటపడి ఇంటికి తెచ్చుకుంది. మరపు అప్పుడే మొదలైంది.

ఆ అనుమానంతోనే పొద్దున్నే డాక్టరమ్మ ఆ కంప్యూటరును దుకాణానికి తెచ్చి మూత విప్పింది. లోపల... ఖాళీగా ఉండవలసిన అరలో... నల్ల దారం చుట్టిన చిన్న కపాలం! గుడ్లగూబ కపాలం! దాని కంటి గుంటల్లోంచి ఒక తీగ డిస్కులోకి పోయింది. ఆమె చెయ్యి దాన్ని తాకిందో లేదో, కుర్చీలో చెల్లెలు పొలికేక పెట్టింది. డాక్టరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

తెలియని చోట తెలిసిన పనే చెయ్యాలి. ఆమెకు తెలిసినది డిస్కు. అసలు డిస్కు మీద ఎన్నడూ రాయకూడదు, ముందు నకలు తీసుకోవాలి అన్నది ఆమె వృత్తిలో మొదటి నియమం. నకలు తీయబోతే ఆ ముసలి డిస్కు టక్... టక్... టక్‌మని మూలిగి మొరాయించింది. మూడుసార్లు ప్రయత్నించి వదిలేసింది. ఇక మిగిలింది అసలు ఒక్కటే, అవకాశమూ ఒక్కటే.

డైరెక్టరీ పరీక్ష పెట్టింది. డైరెక్టరీ అంటే పుస్తకానికి విషయసూచిక వంటిది. ఏ పేరు డిస్కులో ఏ చోట ఉందో చెప్పే జాబితా. పన్నెండు కొట్టేసరికి ఫలితం తెర మీద పడింది.

"లోపం: ఒకే చోటు మీద రెండు పేర్లు."

కింద ఆ రెండు పేర్లు. ఒకటి 'చిన్న ప్రూఫమ్మ'. ప్రెస్సులో చెల్లెల్ని అలాగే పిలిచేవారు. రెండోది 'సీసం'.

అప్పుడే చెల్లెలి పెదవులు కదిలాయి. గరగరలాడే మగ గొంతు!

"చోటు... నాదే!"

ఆ గొంతు ఎక్కడో విన్నానే అని డాక్టరమ్మ అనుకునేలోపు మెట్ల మీద అడుగుల చప్పుడు. తలుపు దానంతటదే తెరుచుకుంది. లోపలికి వచ్చినవాడు ప్రెస్సులో కంపోజరు. సీసపు అక్షరాలు పేర్చే రోజుల నుంచీ ఉన్నవాడు కనక అందరికీ 'సీసం తాత'. లెక్కప్రకారం తొంభై దాటాలి. జుట్టు నిగనిగా నల్లగా ఉంది, పళ్ళన్నీ ఉన్నాయి. అమ్మ పోయిన రోజు గుమ్మం దగ్గర నిలబడి కళ్ళొత్తుకున్న మనిషి ఇతనే.

"తీగ లాగావు, డొంక నడిచి వచ్చింది. భయపడకు డాక్టరమ్మా, నీతో పనుండే వచ్చాను."

"నా చెల్లెల్ని ఏం చేశావు?"

"ఇంకా ఏం చెయ్యలేదు, అదే నా బాధ!" అతను పకపకా నవ్వాడు. "పదమూడు అమావాస్యలు శవభస్మంతో పూజించిన కపాలం అది. ప్రెస్సు మూసిన రోజు మళ్ళీ ఆ మిషనులో పెట్టాను. దాని ముందు కూర్చున్నవాళ్ళ పేరు డిస్కులోకి దిగుతుంది. ఆ చోట నా పేరు కూర్చుంటే, వాళ్ళ మిగిలిన ఆయుష్షు నాది. ఈ దిక్కుమాలిన డిస్కు మధ్యలో చెడి కూర్చుంది. నీ చెల్లెలి పేరు పోదు, నా పేరు నిలవదు. ఒంటిగంటకు అమావాస్య వెళ్ళిపోతుంది. ఈలోగా సరిచెయ్యి."

"చెయ్యను."

సీసం తాత కపాలం మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. అంతే! కుర్చీలో చెల్లెలు గొంతు పట్టుకుని గిలగిల్లాడింది. కళ్ళు తేలేసింది. ముక్కులోంచి రక్తపు చుక్క గడ్డం మీదికి జారింది.

"ఆపు! ఆపు! చేస్తాను!"

అతను వేలు తీశాడు. "అలా రా దారికి. శరీరం నీకే వదిలేస్తాలే. తిండి పెట్టుకో, తల దువ్వుకో. మీ అమ్మకి చేశావుగా, అలవాటేగా!"

మీ అమ్మకి... ఆ మాట డాక్టరమ్మ చెవిలో పిడుగులా పడింది. అయితే అమ్మది జబ్బు కాదు! ఆరేళ్ళుగా తాను ఏ రోగాన్ని తిట్టుకుంటూ వచ్చిందో, ఆ రోగం ఎదురుగా నిలబడి పళ్ళికిలిస్తోంది. ఆమెకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మండిపోయే కోపం వచ్చింది. దాన్ని పళ్ళ బిగువున పట్టుకుని కీబోర్డు ముందు కూర్చుంది.

చిన్న మరమ్మతు నడిపింది. తెర మీద "సరిచేయడం కుదరలేదు" అని వచ్చింది. నిజంగానే కుదరలేదు, ఆమె ఏ మాయా చెయ్యలేదు.

"జాబితా మొదలే పుచ్చిపోయింది," అంది. "అతుకులు నిలవవు. మొత్తం డైరెక్టరీ కొత్తగా కట్టాలి."

"కడితే ఏమవుతుంది? నాటకాలాడావో..."

"పని దగ్గర నేను అబద్ధమాడను. మిషను డిస్కంతా అంగుళం వదలకుండా చదువుతుంది. లోపల ఉన్న ప్రతి పేరునీ జాబితాలోకి తెస్తుంది. ఆ తర్వాత ఒకే చోట రెండు పేర్లుంటే ఒకటి కొట్టెయ్యొచ్చు."

"ఉన్నది నేనూ, ఇదీ. ఇంకెవరున్నారు? ప్రెస్సులో మిగతావాళ్ళ పేర్లు నా చేత్తో ఎప్పుడో చెరిపేశాను. కట్టు!"

డాక్టరమ్మ వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. చెరిపేశాడట! డిస్కులో పేరు చెరిపితే పోయేది జాబితాలో ఒక్క వరుస. అసలు మనిషి... అదే, అసలు సరుకు... దాని మీద మరొకటి రాసేదాకా లోపల చెక్కుచెదరకుండా ఉంటుంది. ఈ విద్యతోనే ఆమె ఇరవై ఏళ్ళుగా బతుకుతోంది. జీవితమంతా పుస్తకాలకు అక్షరాలు పేర్చిన ముసలాడికి, విషయసూచిక చింపినంత మాత్రాన పేజీలు పోవని తెలియకపోయింది. అతని పాత పేర్ల మీద అతనే మళ్ళీ రాశాడో లేదో మాత్రం ఆమెకు తెలియదు. దేవుడా, రాయకుండా ఉండాలి అనుకుని మీట నొక్కింది.

డిస్కు మూలుగుతూ తిరగసాగింది. పది శాతం... ఇరవై... బయట ఝంఝామారుతం! కిటికీ రెక్కలు టపటపా కొట్టుకుంటున్నాయి! ముప్పై శాతం దగ్గర తెర మీద ఒక పేరు లేచింది.

'బైండరు'.

సీసం తాత కణతల దగ్గర జుట్టు తెల్లబడింది. అతను గమనించలేదు. ఆమె గమనించింది.

'గుమాస్తా'. ముందు పళ్ళు రెండు జలజల రాలాయి. 'కాపలా మనిషి'. నడుము విల్లులా వంగింది!

"ఏమిటిది? వీళ్ళు... వీళ్ళు లేరుగా! ఆపు! ఆపవే!"

"మొదలెట్టాక మధ్యలో ఆపకూడదు తాతా. డిస్కు పాడైపోతుంది."

అతను వికృతంగా అరిచి కపాలం మీదికి ఉరికాడు. అదే క్షణంలో దిక్కులు పిక్కటిల్లే పిడుగు! దీపాలారిపోయాయి. గది చిమ్మచీకటి. అయినా బల్ల కింద యూపీఎస్ కుయ్‌కుయ్‌మంటూ కంప్యూటరును బతికించే ఉంచింది. కపాలాన్ని అందుకోలేక బోర్లా పడిన ముసలాడు, ఆ తెర వెలుగులో నేల మీద పాకుతూ యూపీఎస్‌లో గుచ్చిన కంప్యూటరు ప్లగ్గు కోసం చెయ్యి చాచాడు. డాక్టరమ్మ అడ్డం పడింది. తొంభై ఏళ్ళవాడి మోచేతి దెబ్బకు గోడకు కొట్టుకుని కూలిపోయింది. అతని వేళ్ళు ప్లగ్గును అందుకున్నాయి...

తెర మీద నాలుగో పేరు వెలిగింది. 'ప్రూఫమ్మ'.

కుర్చీలో చెల్లెలు లేచి నిలబడింది!

ఆ నిలబడిన తీరు చెల్లెలిది కాదు. ఎడమ భుజం కాస్త కిందికి, కళ్ళు చికిలించి, పెదవి బిగించి... రోజుకు వంద పేజీలు దిద్దిన మనిషి నిలబడే తీరు అది. బల్ల మీద చీటీలు రాసుకునే ఎర్ర పెన్సిలు ఆ చేతిలోకి వచ్చింది. రెండో చెయ్యి వంగి ముసలాడి మణికట్టు పట్టుకుంది. ఉడుంపట్టు!

"కంపోజరు గారూ," అంది అమ్మ గొంతు, చాలా మర్యాదగా. "ఒకే చోట రెండుసార్లు పడింది. చూసుకోలేదా?"

సీసం తాత గజగజ వణికాడు. ఎన్ని క్షుద్రవిద్యలు నేర్చినా కంపోజరుకు ప్రూఫ్ రీడరంటే ఉండే భయం పోదు కాబోలు. "అమ్మా... తల్లీ... ఈ ఒక్కసారికి వదిలెయ్..."

"తప్పు కనబడితే దాటెయ్యకూడదు."

పెన్సిలు తెరను తాకింది. 'సీసం' అన్న పేరు మీద అడ్డంగా ఒక ఎర్రగీత, చివర చిన్న సున్న. కొట్టివేత గుర్తు! హాహాకారం మిన్నంటింది! ముసలాడి ముఖం ముడతలు పడి, ముడతలు పగుళ్ళై, పగుళ్ళు పొడై... అతను పడి ఉన్న చోట అరిగిపోయిన సీసపు అక్షరాలు గుప్పెడు గలగలమని నేల మీద రాలాయి. కంప్యూటరులో కపాలం ఫటేలున రెండుగా చీలింది.

తెర మీద చివరి మాట పడింది. "డైరెక్టరీ సరిగా ఉంది."

అయితే డిస్కు చప్పుడు మారిపోయింది. టక్... టక్... డాక్టరమ్మకు ఆ చప్పుడు తెలుసు. అరనిమిషం, మహా అయితే ఒక నిమిషం. ఆమె గోడ పట్టుకుని లేచింది. ఎదురుగా చెల్లెలి కళ్ళలోంచి అమ్మ తననే పరీక్షగా చూస్తోంది. ఇప్పుడూ అదే అడుగుతుందేమోనని ఆమె ప్రాణం విలవిల్లాడింది.

"పెద్దదానా," అంది అమ్మ. "నిన్ను పట్టుకుని కంప్యూటర్ మనిషి అన్నానుటే?"

"నేనే అలా చెప్పానమ్మా. నాదే తప్పు."

"పోనీలే. ఆ తప్పు నేను దిద్దానుగా."

ఎర్ర పెన్సిలు జారి కింద పడింది. డిస్కు ఒక్కసారి కీచుమని ఆగిపోయింది.

చెల్లెలు కుర్చీలో కూలబడి, ముక్కు కింద రక్తం తుడుచుకుని, చుట్టూ చూసింది. "ఏమైందక్కా? ఎందుకేడుస్తున్నావ్? ఈ అక్షరాలన్నీ ఎవరు పారబోశారు?"

అక్కా అంది! డాక్టరమ్మ చెల్లెల్ని గట్టిగా పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత చీపురు తెచ్చి సీసం అంతా ఊడ్చింది. ఆ డిస్కును మాత్రం విప్పి చూడలేదు. పోయినదాన్ని వదలకుండా వెతకడమే పనిగా పెట్టుకున్న మనిషి, మొదటిసారి ఒక డిస్కును గుడ్డలో చుట్టి, ఎర్ర పెన్సిలుతో కలిపి అరలో పెట్టి తాళం వేసింది.