జాహ్నవి పర్మిషన్ కావాలట

“మళ్ళీ ఏమైందప్పా దీనికి?” అంటూ వినీత లాప్‌టాప్ అందుకుంది. విసుక్కుందామనుకుంది కానీ నవ్వు ముందే వచ్చేసింది.

“కడుపు నిండింది. ఒక్క ఫొటోకు కూడా జాగా లేదంటాంది,” అన్నాడు గోపీనాథ్.

అతనికి ఆళ్ళగడ్డలో ఫొటో స్టూడియో ఉంది. ఆమె నంద్యాల శ్రీనివాస సెంటర్ దగ్గర కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనిచేస్తుంది. కీబోర్డు అంటుకుపోయిందనీ, ఛార్జింగ్ ఎక్కడం లేదనీ ఈ మధ్య అతను తరచూ బస్సెక్కి వస్తున్నాడు. అతను వచ్చిన రోజు వినీత భోజనానికి ఇంటికి వెళ్ళడం మరిచిపోతోంది.

సి డ్రైవ్ తెరిచి చూసింది. ఆళ్ళగడ్డలో ఎవరో కొత్త విండోస్ వేసి, పాతదాన్ని అందులోని ఫైళ్ళతో సహా అట్లాగే వదిలేశారు. సగం జాగా ఆ పాత ఫోల్డరే తినేసింది. డిలీట్ కొట్టింది. కదల్లేదు. తెర మీద ఒక మాట వచ్చింది: దీన్ని మార్చాలంటే జాహ్నవి పర్మిషన్ కావాలి.

వినీత వేళ్ళు ఆగిపోయాయి.

“జాహ్నవి ఎవరు?”

“తెలిసినమ్మాయిలే.” గోపీనాథ్ చూపు పక్కకు తిప్పుకున్నాడు. “ఈ లాప్‌టాప్ ముందు ఆమెదే. నాకు అమ్మింది.”

“ఆమె పర్మిషన్ లేనిదే నీ దాంట్లో ఏదీ కదలదంట. బాగుంది!”

“అట్లయితే ఒక మాట అడిగొస్తా, ఉండు.”

“నంబరు కూడా ఉందా?”

“ఉండాది.”

అతను ఫోను తీసుకొని మెట్ల దగ్గరికి వెళ్ళాడు. బయట సన్నగా వాన మొదలైంది. అద్దం తలుపులోంచి అతని మొహం కనిపిస్తోంది. మొదట బెరుగ్గా మాట్లాడాడు. తర్వాత నవ్వాడు. తల గోక్కుంటూ, సిగ్గుపడుతూ మళ్ళీ నవ్వాడు. తనతో మాట్లాడేటప్పుడు ఎప్పుడైనా అట్లా సిగ్గుపడ్డాడా? వినీతకు ఒళ్ళు మండిపోయింది.

ఆ ఫోల్డర్ మీద హక్కులన్నీ తన చేతికి మార్చుకుంది. రీసైకిల్ బిన్‌లోకి కూడా పోకుండా షిఫ్ట్ నొక్కిపట్టి డిలీట్ కొట్టింది. పచ్చగీత పరుగెత్తుతుంటే కడుపు చల్లబడినట్టయింది.

తలుపు తెరుచుకుంది.

“తీసేయమనింది. వాళ్ళవ్వ ఫొటోలు మాత్రం పంపాలంట. అవ్వ పోయింది కదా, ఇంక యాడా లేవంట.”

వినీత గబగబా క్యాన్సిల్ నొక్కబోయింది. గీత అప్పటికే చివరిదాకా వచ్చి నిలబడిపోయింది. కొన్ని ఫైళ్ళు మాత్రం మొండికేశాయి. వాటిని తీయడం కుదరదని తెర మీద కనిపిస్తోంది. ఫోల్డర్ తెరిచింది. ముక్కుపుడకతో, బోసినోటితో ఒక ముసలావిడ నవ్వుతోంది. మొండికేసినవి ఇవే. ఒకదాని తర్వాత ఒకటి, ఆమె ఫొటోలన్నీ ఉన్నాయి.

“నీతో చెప్పకుండానే డిలీట్ కొట్టినా,” అంది తల వంచుకొని. “అవి పోయింటే నేనేం చేసేదాన్ని!”

“ఎందుకు కొట్టినావ్?”

“కుళ్ళుకొని. చాలా?”

గోపీనాథ్ నవ్వలేదు. స్టూలు లాక్కొని కూర్చున్నాడు.

“పోయినేడు మా ఇద్దరికీ పెండ్లి చేయాలని ఇండ్లల్లో అనుకున్న్యారు. ఆమెకు ఇష్టం లేదు. బెంగళూరు పోయి ఉద్యోగం చేస్తాననింది. వాళ్ళ నాయనతో చెప్పే ధైర్యం లేదు. నాకే వద్దని నేను చెప్పినా. తిట్లన్నీ నేనే తిన్యా.”

“నీకు ఇష్టముండెనా?”

“ఉండె, కొంచెం. ఇప్పుడు లేదు.”

ఆ ‘కొంచెం’ వినీతకు ముల్లులా గుచ్చుకుంది. అయినా అబద్ధం చెప్పలేదు కదా అనిపించింది.

“మరి ఫోన్లో అంత సిగ్గెందుకు?”

“ఆళ్ళగడ్డలో రిపేరు షాపుల్లేవా, నంద్యాలకు ఎందుకు పోయినావని అడిగింది.”

“ఏం చెప్పినావ్?”

“షాపులుండాయి, ఆడ వినీత లేదు అని చెప్పినా.”

వాన పెద్దదైంది. వినీత అవ్వ ఫొటోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. మిగిలినవి తీసేసి, లాప్‌టాప్ మూసి అతని చేతిలో పెట్టింది.

“ఆదివారం మా నాయన ఇంట్లోనే ఉంటాడు, రా,” అంది. “ఈసారి రిపేరుకేమీ తేవాకు.”