మూడో బార్క్

ఆల్బన్ లాక్ శవం కాలువలో తేలిన రోజున, నిఘంటువు కార్యాలయంలో అతని బల్ల మీద ‘బార్క్’ అనే మాట పని సగంలో ఆగిపోయింది.

యుద్ధకాలం. ఆ ఇంగ్లిష్ కార్యాలయంలో నౌకాదళానికి రహస్య కోడ్ తయారవుతోంది. ఒకే రూపంలో ఉండి, వేర్వేరు పుట్టుకలున్న మాటలే దానికి ఆధారం. అది శత్రువు చేతికి చిక్కితే అట్లాంటిక్‌లో ఓడలు మునుగుతాయి.

"అతనితో పనిచేసే ఆ ముసలి రడ్జే హంతకుడు," అన్నాడు మేజర్ స్ట్రేక్. "టీ తాగడం అవగానే పట్టుకుంటాం. కోడ్ కోరలీ వేన్ తీసుకెళ్తుంది."

"ఆవిడెవరు సార్?"

"మన ఏజెంటే. ఎడిన్‌బరోలో పదమూలాలు చదివింది."

ఏజెంట్ హెస్పర్ లాక్ తల ఊపింది. ఆల్బన్ ఆమె అన్న. ఎవరైనా ఒక మాట పుట్టుక తప్పుగా చెబితే, విందులో ఉన్నా దాన్ని సరిదిద్దేదాకా ముద్ద మింగేవాడు కాదు. పదమూలాలు వెతికేవాళ్లందరిదీ అదే జబ్బు.

"టీ నేను పోస్తాను," అంది.

తలగుడ్డ, ఏప్రన్ కట్టుకుని ఆమె కెటిల్‌తో రడ్జ్, కోరలీ కూర్చున్న గదిలోకి వెళ్లింది.

"ఇది టీయా, గిన్నెలు కడిగిన నీళ్లా?" కసిరాడు రడ్జ్.

"రేషన్ కదండీ. అయ్యా, సముద్రంలో ఉండే సీల్ జంతువుకి మైనపు సీల్ నుంచే పేరొచ్చిందట కదా? ఒంటి మీద ముద్రల్లా మచ్చలుంటాయని."

రడ్జ్ కప్పు ఠంగుమంది. "ఎవడమ్మా నీకా చెత్త చెప్పింది? జంతువుది మన పాత ఇంగ్లిష్ మాట. ముద్ర లాటిన్‌ది, ఫ్రెంచివాళ్ల మీదుగా వచ్చింది. రెంటికీ చుట్టరికమే లేదు. నీ కెటిల్ సంగతి చూసుకో, ఫో!"

కోరలీ ఎర్రటి పెదవులతో నవ్వింది. "పోనిద్దురూ. ఆవిడ చెప్పిందే నిజం. మాకు ఎడిన్‌బరోలో అదే నేర్పారు."

హెస్పర్ కెటిల్ కింద పెట్టలేదు.

"మా అన్నయ్య అడిగినప్పుడూ ఇలాగే చెప్పావా?"

కోరలీ చేతిలో లిప్‌స్టిక్ మెరిసింది. మూత ఊడేసరికి లోపల సన్నటి తుపాకీ గొట్టం! అదే క్షణంలో మరిగే నీళ్లు ఆమె మణికట్టు మీద పడ్డాయి. తూటా పైకప్పులో దిగింది. కోడ్ ఉన్న సంచి ఆమె ఒళ్లోంచి జారిపడింది.

తలుపు తోసుకొచ్చిన సైనికులు రడ్జ్ మీద పడ్డారు.

"ఆయన్ని కాదు," అంది హెస్పర్.

రడ్జ్ కోటు దులుపుకున్నాడు. "నా టీ అంతా ఒలికిపోయింది."

"అది టీ కాదన్నారుగా."

సాయంత్రం ఆమె అన్న బల్ల దగ్గర కూర్చుంది. కుక్క అరుపు, చెట్టు బెరడు: ఈ రెండు బార్క్‌ల పుట్టుకా అతని దస్తూరీలో ఉంది. ఓడకు పేరైన మూడో బార్క్ కింద ఏమీ రాసి లేదు.