నాలుగో గదిలో తేజ

“హంతకులు! మీరే సార్... ఇంకెవరో కాదు. మీరే చంపుతున్నారు వాణ్ణి!”

నీహారిక అరుపుకి కారిడార్ దద్దరిల్లుతుంది.

ఎదురుగా మేనేజర్ చక్రవర్తి. నలగని తెల్ల చొక్కా. చేతిలో రెండు ఫోన్లు. రెండూ మోగుతూనే ఉన్నాయి.

“గొంతు తగ్గించమ్మాయ్. ముందు హాల్లో డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు కాఫీ తాగుతున్నారు.”

“తాగనీండి! లోపల నా తమ్ముడున్నాడు. మైనస్ ఇరవైలో. ఒంటిమీద కాటన్ చొక్కా తప్ప ఏం లేదు!”

“నాలుగో గదిలో ఎవరూ లేరని చెప్పానుగా.”

“మరి తలుపు బాదుతోంది ఎవరు? మందు సీసాలు లేచొచ్చి బాదుతున్నాయా?”

చక్రవర్తి రెప్ప కొట్టడు. పక్కకి తిరుగుతాడు.

“తంగరాజ్! ఈమెని గేటు బయట పడెయ్.”

సెక్యూరిటీ గార్డు తంగరాజ్ అడుగు ముందుకేస్తాడు. భుజాన తుపాకి. గుబురు మీసం.

నీహారిక వంగుతుంది. అతని చెయ్యి కింది నుంచి దూరుతుంది. పరుగు!

కంట్రోల్ క్యాబిన్. లోపలికి. ధడేల్‌మని తలుపు. గొళ్లెం!

బయట అంబత్తూరు ఎండలో తారు కరుగుతోంది. ఇక్కడ, ఈ మందుల కోల్డ్ స్టోరేజీలో, ఒక కుర్రాడు గడ్డకడుతున్నాడు.

ఎందుకు?

మొన్న కరెంటు పోయింది. ఫ్రీజర్లు ఆగాయి. టీకా మందు పెట్టెలన్నీ వేడెక్కి పాడయ్యాయి. పారేయాలి. పారేయలేదు. వాటి మీదే కొత్త లేబుళ్లు అతికించారు, ఆస్పత్రులకి అమ్మడానికి! ఇవాళ ఇన్‌స్పెక్టర్లు చెప్పకుండా దిగారు. చక్రవర్తి కంగారుపడ్డాడు. కంప్యూటర్లో ఒక్క నొక్కుతో ఆ పెట్టెలున్న నాలుగో గది తలుపు మూసేశాడు. లోపల సాయి తేజ ఫ్యాన్ రిపేరు చేస్తున్నాడు. చక్రవర్తి చూడలేదు. ఆ వెంటనే గదుల వేడి లెక్కలు దొరక్కూడదని అదే కంప్యూటర్‌ని శుభ్రంగా తుడిచేశాడు.

తలుపులు తెరిచే ప్రోగ్రాం కూడా ఆ కంప్యూటర్లోనే ఉందన్న సంగతి ఆ మహానుభావుడికి తట్టలేదు!

లోపల మనిషున్నాడని ఇప్పుడు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాడు. ఇన్‌స్పెక్టర్లు వెళ్లేదాకా ఆగుదాం అంటున్నాడు. తేజ గుండె ఆగుతుందా అన్నది అతనికి అనవసరం.

లోపలి నుంచి తెరిచే పిడి? ఉండేది. పనివాళ్లు లోపల కునుకు తీస్తున్నారని పీకించేశారు.

నీహారిక ఫోన్ స్పీకర్‌లో ఉంది. అవతల విఘ్నేష్... ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు. నాలుగో గది తలుపు దగ్గరే ఉన్నాడు.

“అక్కా! గడ్డపార వంగిపోయిందిక్కా. తలుపు కదల్లే!”

“తేజ?”

“కొడతా ఉండాడు. ముందంత గట్టిగా లేదక్కా...”

“గ్యాస్ కట్టర్?”

“ఐయో, వద్దు! తలుపు నిండా ఫోమ్. అంటుకుంటే ఆ పొగకే చస్తాడు.”

“ఫైర్ ఇంజన్?”

“పాడి బ్రిడ్జి కాడ ట్రాఫిక్‌లో ఉందంట!”

నీహారిక కంప్యూటర్ బటన్ నొక్కుతుంది. నల్లటి తెర. బూట్ డిస్క్ లేదు, అంటోంది.

బ్యాగ్‌లోంచి పెన్‌డ్రైవ్ లాగుతుంది. పక్కన చిన్న మీట... లాక్ వైపుకే ఉంది. దాన్ని చదవొచ్చు. దాని మీద ఎవడూ ఏమీ రాయలేడు. అందులో లైనక్స్ ఉంది, విండోస్ లాంటిదే. డిస్క్ చచ్చిన మెషిన్‌నైనా లేపి నిలబెడుతుంది. లేచాక ర్యామ్‌లోనే, అంటే తాత్కాలిక మెమరీలోనే బతుకుతుంది. ప్లగ్ పీకితే... అంతే. బూడిద కూడా మిగలదు.

తెర మీద అక్షరాలు పరుగెడతాయి.

లేచింది!

ఇక రెండోది. ఆమె పోర్టబుల్ హార్డ్ డిస్క్. ఇక్కడి కంప్యూటర్లు బాగుచేసేది ఆమే. పోయినేడు ఈ మెషిన్ నలతపడితే, రిపేరుకి ముందు మొత్తం కాపీ తీసి పెట్టుకుంది. పాత విండోస్. అందులో తలుపుల ప్రోగ్రాం. ఆ కాపీ ఒక్కటే ఉంది. చెడిందా, ఇక దిక్కులేదు. అందుకే దాన్నీ చదవడానికి మాత్రమే తగిలిస్తుంది. పాత విండోస్ ఏం రాసుకున్నా ర్యామ్‌లోనే రాసుకోవాలి.

లైనక్స్ లోపల ఇంకో కంప్యూటర్. కంటికి కనిపించని కంప్యూటర్. వర్చువల్ మెషిన్!

కమాండ్ కొడుతుంది. తప్పు పడింది. మళ్లీ!

నీలి తెర. విండోస్ గుర్తు. గిర్రున తిరుగుతోంది... తిరుగుతోంది...

ఢాం! ఢాం!

క్యాబిన్ తలుపు మీద తుపాకి మడమ.

“తలుపు తియ్యమ్మా! నా ఉద్యోగం పోతాది!”

“నా తమ్ముడే పోతున్నాడు తంగరాజన్నా!”

ఒక్క దెబ్బ. గొళ్లెం ఊడి ఎగిరి పడుతుంది. తంగరాజ్ లోపలికి దూసుకొస్తాడు. ఆమె చెయ్యి పట్టుకుంటాడు.

“రామ్మా... మర్యాదగా రా.”

“ఒక్కసారి ఇది విను. విన్నాక కావాలంటే ఈడ్చెయ్.”

ఫోన్ అతని చెవి దగ్గర పెడుతుంది.

టక్... టక్...

చాలాసేపు ఏమీ లేదు.

టక్.

తంగరాజ్ చేతి పట్టు సడలుతుంది.

“ఆడ ఎవరూ లేరని గదా సార్ చెప్పినాడు?”

“మీ సారు చెప్పింది నమ్ముతావా, నీ చెవిని నమ్ముతావా?”

అతను చెయ్యి వదిలేసి తలుపు దగ్గర నిలబడతాడు. లోపలికి రావాలో, బయటికి పోవాలో తేల్చుకోలేక.

తెర మీద డెస్క్‌టాప్ వచ్చింది! నీహారిక ఊపిరి పీలుస్తుంది. మూలన, మిగిలిన ర్యామ్ అంకె చూస్తుంది.

పడిపోతోంది!

ఎందుకు? ఇంకా ఏమీ తెరవలేదే... ఎందుకు తింటోంది?

అప్పుడు బుర్రలో వెలుగుతుంది.

నెట్ కేబుల్! అలవాటు ప్రకారం నెట్ తగిలించేసింది. ఏడాది నిద్రపోయిన విండోస్ లేచీ లేవగానే అప్‌డేట్లు దింపుకుంటోంది. ప్రతి ముక్కా ర్యామ్‌లోకే పోతోంది. ర్యామ్ నిండితే అంతా బిగుసుకుపోతుంది. మళ్లీ మొదట్నుంచి లేపాలి. అంత టైమ్ తేజకి లేదు.

“గాడిదని! ఒట్టి గాడిదని నేను!”

కేబుల్ పట్టి లాగేస్తుంది. అంకె ఆగింది. కొంచెమే మిగిలింది. చాలా కొంచెం!

తలుపుల ప్రోగ్రాం మీద డబుల్ క్లిక్.

‘కంట్రోలర్ కనబడలేదు.’

తలుపుల వైరు లైనక్స్ గుప్పిట్లో ఉంది. లోపలి విండోస్‌కి అప్పజెప్పాలి. ఇంకో కమాండ్. పోర్టు నంబరు ఎంత? వేలితో వైరు తడుముకుంటూ లెక్కపెడుతుంది... మూడోది.

“అక్కా! కొట్టడం ఆపేసినాడక్కా!”

“విఘ్నేష్, నువ్వు కొట్టు! నువ్వు ఆపకు! వాడికి వినపడాలి!”

ఎంటర్.

తెర ఆకుపచ్చగా మారుతుంది. తలుపులు! ఒకటి... రెండు... మూడు... నాలుగు. నాలుగో దాని మీద ఎర్ర గీత.

“ఏం జరుగుతోంది ఇక్కడ?”

చక్రవర్తి! గుమ్మంలో. ముఖం పాలిపోయింది.

“తంగరాజ్, ఆ ప్లగ్ పీకెయ్.”

తంగరాజ్ కదలడు.

“చెవుడా? ప్లగ్ పీకమన్నాను!”

“లోపల మనిషుండాడు సార్. నేనే విన్నా.”

“నువ్వు విన్నావా! పెద్ద డాక్టరువి!” చక్రవర్తి గొంతు తగ్గిస్తాడు. “ఒరే, ఇప్పుడు తలుపు తెరిస్తే ఆ స్టాకంతా వాళ్ల కళ్లబడుతుంది. కంపెనీకి తాళం. నీ జీతం, నా జీతం గోవిందా. అర్థమవుతోందా? ఇంకాసేపు! వాళ్లు వెళ్లిపోగానే నేనే తీయిస్తాను.”

“శవాన్నా?” నీహారిక తల తిప్పకుండానే అడుగుతుంది. “శవాన్ని తీయిస్తారా సార్?”

మౌస్ నాలుగో తలుపు మీదికి చేరింది. పాస్‌వర్డ్ అడుగుతోంది. పాతది. గుర్తుంది. కొడుతుంది.

చక్రవర్తి ఒక్క దూకు! టేబుల్ కింద ప్లగ్ మీదికి వంగుతాడు. వేళ్లు తగిలాయి.

నీహారిక కుర్చీలోంచి కింద పడుతుంది... అతని మణికట్టు మీద పళ్లు దింపుతుంది. గట్టిగా. ఉప్పగా రక్తం!

“ఆఁ! పిచ్చిదానా!”

చెంప మీద దెబ్బ. కళ్ల ముందు చుక్కలు. పళ్లు మాత్రం వదలదు. ఒక చేత్తో టేబుల్ పైకి తడుముతుంది. కీబోర్డు. ఎంటర్ ఎక్కడ? పెద్ద మీట... అంచున...

నొక్కుతుంది!

‘తలుపు 4... తెరుస్తోంది...’

అక్కడే ఆగిపోయింది.

బాణం కదలదు. గడియారం కదలదు. మూలన ర్యామ్ అంకె... సున్నా!

బిగుసుకుపోయింది. ఆమె పళ్లు సడలుతాయి.

“విఘ్నేష్!”

టేబుల్ మీది ఫోన్ అందుకుంటుంది.

“విఘ్నేష్! తెరుచుకుందా? చెప్పరా!”

ఫోన్లో గరగర...

చక్రవర్తి చెయ్యి లాక్కుంటాడు. నవ్వుతాడు కూడా.

“అయిపోయిందా? నీ గారడీ అయిపోయిందా?”

అప్పుడు...

క్లంక్!

ఫోన్లోంచే. ఇనుప గడియ వెనక్కి జరిగిన చప్పుడు!

“కదిలింది! తెరుచుకునిందక్కా! పిల్లోడు... ఐయో, మంచుముద్ద... ఊపిరుందక్కా! ఊపిరుంది!”

నీహారిక నేల మీదే కూలబడుతుంది. ఏడుపు రాదు. గొంతులోంచి ఏదో శబ్దం మాత్రం వస్తుంది.

“తేజా! ఒరే తేజా! నాన్నా, మాట్లాడరా!”

పళ్లు టకటక కొట్టుకుంటున్న చప్పుడు. దాని మధ్య నలిగిపోయిన గొంతు.

“అ... అక్కా...”

“మాట్లాడకులే! విఘ్నేష్ ఎండలోకి తీసుకెళ్తాడు, పడుకో...”

“పక్క గది... అక్కా... గోడ...”

“ఏ గోడరా?”

“ఐదో గది... ఆడోళ్లు... గోడ కొట్టారు. నేనూ కొట్టా. చాలాసేపు కొట్టుకున్నాం... ఇప్పుడు... కొట్టట్లేదు...”



నీహారిక తెర వైపు చూస్తుంది. బిగుసుకుపోయిన తెర మీద నాలుగే తలుపులు. ఐదోది లేనే లేదు.

“ఐదా? ఐదో గది ఎక్కడుంది?”

“ఉందక్కా!” విఘ్నేష్ అరుస్తున్నాడు. “ఇంకో ఫ్రీజరు! మొన్న కట్టినారు, ప్లాన్‌లో చూపించకుండా. దానికి కంప్యూటరూ లేదు, గింప్యూటరూ లేదు. షట్టరుకి ఇంత లావు తాళం వేలాడతా ఉంది!”

చక్రవర్తి చెయ్యి ప్యాంటు జేబు మీదికి పోతుంది. తెలియకుండానే. మళ్లీ కిందికి జారుతుంది.

తంగరాజ్ చూశాడు.

“ఆడోళ్లంటే... లేబుళ్లు అంటించే ఆడోళ్లా సార్?”

“తంగరాజ్... నువ్వు బయట నిలబడు.”

“వాళ్లని వెనక గేట్లోనించి ఇంటికి పంపేసినానని చెప్తిరే.”

“పంపిద్దామనే... టైమ్ లేకపోయింది. కాసేపు కూర్చోమన్నాను. అంతే...”

“నా పెళ్లాం జనని ఆ లేబుళ్ల పనికే వస్తాది సార్.”

చక్రవర్తికి ఆ సంగతి తెలియదు. వాళ్ల పేర్లు ఏనాడైనా అడిగితే కదా! కాంట్రాక్టు ఆడమనుషులు. గేటు దగ్గర తలలు లెక్కపెట్టడమే. పేరు ఎవడికి కావాలి?

“చూడు తంగరాజ్... ఇన్‌స్పెక్టర్లు ఇంకా హాల్లోనే...”

ఢామ్మ్!

పైకప్పు నుంచి పెచ్చులు రాలుతాయి. తుపాకి పొగ. చెవుల్లో హోరు. ముందు హాల్లో కుర్చీలు పడుతున్న చప్పుడు, కేకలు, పరుగులు.

గొట్టం కిందికి దిగుతుంది. చక్రవర్తి తెల్ల చొక్కా నడిమధ్యన ఆగుతుంది.

“ఇంకో తూటా ఉంది సార్. వాళ్లు రానీ. అందరూ రానీ, చూడనీ.” తంగరాజ్ అడుగు ముందుకేస్తాడు. “జేబులో తాళంచెవి తియ్. నడువు. నీ చేత్తోనే తెరువు.”

“తంగరాజ్...”

“తెరువు సార్! ఇప్పుడే!”