చీటీలు ఊడిన కళ్ళజోళ్ళు

నలభై దాటినవాళ్ళకు వారాలు ఏడు కావు, ఎనిమిది, ఎనిమిదోది చత్వారం. ఈ మాట కనిపెట్టింది కళ్ళజోళ్ళ దుకాణం నడిపి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దమనిషి. అందుకే వీధంతా ఆయన్ని చత్వారం మాస్టారనేది. భార్య పోయిన ఈ ఏడాదిలో ఆయన హాస్యానికీ మసక కమ్మింది.

ఆ ఉదయం ఆయన లేచేసరికి హాలు నిండా అట్టపెట్టెలు. కూతురు ఇల్లు సర్దుతోంది. వారం రోజులుగా ఊళ్ళోని సేవాసంస్థలన్నిటికీ ఫోన్లు చేసి, మీకేం కావాలని అడిగి రాసుకుంది. దుప్పట్లు వృద్ధాశ్రమానికి, గిన్నెలు పిల్లల వసతిగృహానికి. పాత బట్టలు మాత్రం అందరూ వద్దన్నారట. దానం చేద్దామన్నా దరఖాస్తు పెట్టుకునే రోజులని ఆమె నవ్వింది.

కిటికీ పక్కన బల్ల మీద ఒక సంచీ. అందులోంచి తొంగిచూస్తున్న అద్దాల మీద ఎండ పడి, గోడ మీద వెలుగుచుక్కలు చేపపిల్లల్లా ఈదుతున్నాయి. ఆయన వాటినే చూస్తూ నిలబడిపోయాడు. ఆ అద్దాలు భార్య కళ్ళజోళ్ళవి. పెద్దవాళ్ళకు చదువు చెప్పే కేంద్రంలో చత్వారం జోళ్ళు కావాలన్నారని కూతురు చెప్పింది.

"వీటికి చీటీలుండాలే," అన్నాడాయన.

"దారాలు చిక్కులు పడుతున్నాయని తీసి పారేశాను నాన్నా."

ఒక్కో చీటీ మీద పవరు, తేదీ. భార్య చూపు ఏ ఏడు ఎంత తగ్గిందో ఆయన స్వయంగా రాసి కట్టినవి.

"ఇవి మీ అమ్మ చూసిన చూపులు. సంచీలో గుమ్మరిస్తావా? ఒక్కటీ గడప దాటదు."

కూతురు సంచీని ఆయన ముందుకు నెట్టింది. "అల్మారాలో అమ్మ, మంచం కింద అమ్మ. ఎదురుగా ఉన్న నేనే నీకు కనపడను."

పవరు తెలియని జోళ్ళను కేంద్రంవాళ్ళు తీసుకోరని చెప్పి, ఆమె గిన్నెల పెట్టెకు తాడు కట్టసాగింది.

చాలాసేపటికి ఆయన కాగితం మీద అడ్డంగా, నిలువుగా రెండు గీతలు గీశాడు. పైన ఒక అద్దం పట్టి మెల్లగా కదిపాడు. గీతలు ఎదురు నడిచాయి. తన పాత పెట్టెలోని కొలత అద్దాలు ఒక్కొక్కటీ జతచేస్తూ పోతే, ఒకదాని దగ్గర గీతలు కదలడం మానేశాయి. ఆ కొలత అద్దం మీది అంకే జోడు పవరు.

"ఒకటి. సూదిలో దారం ఎక్కక నాతో దెబ్బలాడిన ఏడు." ఇంకోటి తీశాడు. "ఒకటిన్నర. అంతకుముందే నీ మార్కులు అరవై తొమ్మిదిని తొంభై ఆరని చదివి వీధంతా చాటొచ్చింది."

"అది చాటింది అమ్మేనా! నేనే అబద్ధం చెప్పానని టీచరు తిట్టింది," అంటూ కూతురు పక్కన చతికిలబడింది.

ఆయన చెబుతూ పోయాడు, ఆమె కొత్త చీటీలు రాస్తూ పోయింది. అన్నీ అయ్యాక ఆయనే సంచీ భుజాన వేసుకున్నాడు.

కేంద్రంలో ఇస్త్రీ చేసే ఒకావిడ జోడు పెట్టుకుని మొదట తన అరచేయి చూసుకుంది. ఇన్ని ముడతలా, ఇందాకటి మసకే నయమంటే గదంతా నవ్వింది. తర్వాత పలక మీదికి వంగి, తన పేరు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది.

"ఎవరివి బాబూ ఇవి?"

"మా ఆవిడవి. పోయింది."

ఆవిడ గబుక్కున జోడు తీయబోయింది. తలుపు దగ్గర కూతురు కళ్ళు తుడుచుకుంటోంది. ఆయన కూతురి వైపు చూసి తలాడించి, జోడు కాడను ఆవిడ చెవి వెనక్కి సరిగ్గా సర్దాడు.

"ఉండనివ్వమ్మా. అది చదవాల్సింది ఇంకా చాలా ఉంది."