మూగ ఫెత్తా ఇంట్లో నవ్వు

ముందే ఒట్టేసి చెప్తున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. ఒక్క అక్షరం కల్పించినా ఈ చలికాలమంతా నా పొయ్యి రాజుకోకూడదు, నా జాడీలో నూనె రాయిలా గడ్డకట్టాలి, నా ముగ్గురు కోడళ్ళూ ఒకే పూట కూర్చుని నాకు వంట నేర్పాలి. ఇంతకన్నా ఘోరమైన ఒట్టు మా కొండమీద ఇంతవరకూ ఎవరూ వేయలేదు.

మా ఊరి కింది అంచున, ఊట దాటి నూనె గానుగకి దిగే దారిలో ఒక ఇల్లుంది. ఒకటే గది, ఒకటే కిటికీ, వాకిట్లో అంజూరపు చెట్టు. మొన్నటిదాకా దాన్ని మూగ ఫెత్తా ఇల్లనేవాళ్ళు. ఫెత్తా పోయి, ఆవిడ అన్న తాళం వేసుకుని పై వీధికి వెళ్ళిపోయాక... నవ్వే ఇల్లంటున్నారు.

చీకటి పడితే ఆ ఇంటి ముందు గాడిదలు వెనక్కి నడుస్తాయి. గానుగ మేస్త్రీ బెల్కాసెం మీసం ఒక్క రాత్రిలో తెల్లబడింది, అదీ ఇంటివైపున్న సగమే. నలభై గడపల ఊళ్ళో ఒక్క వారంలో నాలుగు వందల మంది ఆ నవ్వు విన్నారు.

ఎలాంటి నవ్వంటే... మొదట చిన్న దగ్గు. తర్వాత మూడు మెట్లు గెంతుతూ దిగినట్టు నవ్వు. చివర ఊపిరాడక "అయ్యో..." అని. ఆగుతుంది. మళ్ళీ అదే దగ్గు, అవే మూడు మెట్లు, అదే "అయ్యో". ఏడుసార్లు, ఎనిమిదిసార్లు, వెంట్రుకవాసి తేడా లేకుండా! బతికున్న మనిషి రెండుసార్లు ఒకేలా నవ్వగలదా? మీరే నవ్వి చూడండి.

పైగా ఫెత్తా జన్మలో నవ్వి ఎరగదు. నోట్లోంచి మాటే రాని మనిషి. ప్రతి మంగళవారం తెల్లవారుజామున ముసుగేసుకుని పట్నం బస్సెక్కేది, గొంతు వైద్యానికని. నలభై ఏళ్ళు! "ఆ డాక్టరు పిల్లల పెళ్ళిళ్ళన్నీ ఈవిడ గొంతు మీదే జరిగిపోయాయి" అని బస్సువాడు ఎగతాళి చేసేవాడు. పెళ్ళి లేదు, పిల్లల్లేరు, ఊళ్ళో రేడియో లేని ఇల్లు అదొక్కటే. ఊట దగ్గర ఆవిడ కుండ పెడితే, పడుచు పిల్లలు తమ కుండలు అవతలికి జరుపుకునేవాళ్ళు.

నిన్న రాత్రి గానుగలో వంతు జెజీగా వాళ్ళది. వంతు వస్తే మగాడు రాత్రంతా అక్కడే ఉండి తన ఆలివ్ కాయలు తను ఆడించుకోవాలి, లేకపోతే పక్కవాడి నూనెలో కలిసిపోతాయి. మొగుడికి అన్నం ఎవరు పట్టుకెళ్ళాలి? జెజీగాయే.

"అత్తా, ఇవాళొక్క రోజు నువ్వెళ్ళవూ?" అంది గొంతు తగ్గించి.

వాళ్ళత్త తావూస్ పొయ్యి ముందునుంచి కదల్లేదు. "ఎందుకో?"

"దారిలో ఆ ఇల్లు..."

"బతికున్నన్నాళ్ళూ నోరు విప్పలేదు, చచ్చాక నవ్వుతుందిట. నవ్వనీవే, నీ సొమ్మేం పోయింది? పో. కనిపిస్తే నా సలాం చెప్పు."

జెజీగా రొట్టె, బఠాణీ పులుసు మూటగట్టుకుని బయలుదేరింది.

నిజానికి ఆ పిల్లని దెయ్యం కన్నా ఎక్కువగా తొలుస్తున్నది ఇంకొకటుంది. అమ్మగారూ అన్నట్టు అందరూ 'లల్లా' అనే రేడియో తిజిరి పోయి నిన్నటికి ముప్ఫై ఎనిమిది రోజులైంది.

తిజిరి అంటే ఎవరని మా కొండల్లో అడిగితే నిన్ను పిచ్చిదానికింద జమకడతారు. గురువారం రాత్రి ఎనిమిదింటికి రేడియోలో ఆవిడ గొంతు వస్తే ఏడు లోయల్లో ఆవులు పాలు చేపేవి. "తలుపు లోపలున్నవాళ్ళకీ, తలుపు బయటున్నవాళ్ళకీ, మంచి రాత్రి" అని మొదలుపెట్టేది. ఉత్తరాలు చదివేది. అత్తలమీద కోడళ్ళవీ, కోడళ్ళమీద అత్తలవీ, రెండూ ఒకే ఇంట్లోంచి వచ్చినవైనా సరే. ఎవర్నీ నొప్పించేది కాదు, ఎవర్నీ వదిలేదీ కాదు. ఆవిడది ఏ ఊరో, మొహం ఎలా ఉంటుందో ఎవరికీ తెలీదు.

ఆరేళ్ళ కిందట జెజీగాకి ఏడు నెలల ఆడబిడ్డ పోయింది. మూడు రోజులు ఏడ్చాక ఇక చాలన్నారు ఇంట్లో. పాలు ఇంకా రవిక తడుపుతుంటే ఆ పిల్ల గోడవైపు తిరిగి పడుకునేది. పక్కింటి బడిపిల్ల చేత, పేరు లేకుండా, రేడియోకి ఉత్తరం రాయించింది.

తిజిరి ఆ ఉత్తరం చదివింది.   తర్వాత అంది: "ఏడు నెలలంటే రెండు వందల పది రాత్రులు, తల్లీ. ఒక్కో రాత్రికి ఒక్కో ఏడుపు నీకు హక్కు. ఎవరైనా కాదంటే తిజిరి లెక్క కట్టి చెప్పిందని చెప్పు."

జెజీగా రెండు వందల పది రాత్రులూ ఏడ్చింది. రెండు వందల పదకొండో రోజు లేచి ఆలివ్ కాయలు ఏరడానికి వెళ్ళింది. ఆ గొంతు లేకపోతే ఈ పిల్ల మనకి దక్కేది కాదు. ఇందులో మాత్రం నేను చిటికెడు కూడా పెంచలేదు.

అలాంటి మనిషి పోయిందని రేడియోలో చెప్పిన రాత్రి ఊరు ఊరంతా రేడియోల ముందు కూలబడింది. ఉత్తరాలు రాసినవాళ్ళంతా ఫోన్లు చేసి ఏడుస్తుంటే మూడు గంటలసేపు విన్నాం. "ఈ రాత్రి ఆవిడ పక్కన కూర్చుని పాడే ఆడవాళ్ళు ఎంత అదృష్టవంతులో! ఏ ఊరివాళ్ళో!" అని కొంగులు తడిసేలా ఏడ్చాం.

అదే రాత్రి మూగ ఫెత్తా శవం కూడా ఇంట్లో ఉంది. అంటే, పొద్దున పోయింది. మా ఆచారం ప్రకారం ఆడవాళ్ళు తెల్లారేదాకా శవం దగ్గర పాడాలి. ముగ్గురు వెళ్ళారు. ఒకావిడకి చెవుడు, ఒకావిడ పొయ్యి వెచ్చదనానికి వెళ్ళింది, మూడో ఆవిడ సగంలో లేచొచ్చింది. ఫెత్తా అన్న కూతురు నలభై మందికి కాఫీ కాచి, పొద్దున్నే ఆ చల్లారిన కాఫీ అంజూరపు చెట్టు మొదట్లో పోసింది. తెల్లారాక మగవాళ్ళు, ఊరి కట్టుబాటుకి జడిసి, మోసుకెళ్ళి పూడ్చొచ్చారు.

జెజీగా కూడా వెళ్ళలేదు. తిజిరి కోసం ఏడుస్తూ ఇంట్లోనే ఉంది.

సరే. ఊట దాటింది. లాంతరు వత్తి తగ్గించింది, దెయ్యానికి కనబడకుండా. ఆ తెలివి చూడండి!

అంజూరపు చెట్టు వచ్చింది.

దగ్గు...

నవ్వు. మూడు మెట్లు. "అయ్యో..."

 పులుసు గిన్నె మూత టకటకా కొట్టుకుంటోంది. పరుగెత్తుదామనుకుంది. అప్పుడు లోపల్నించి ఇంకో శబ్దం, ఎలుక పరిగెత్తినట్టు గిరగిరగిర... టక్. ఆ తర్వాత మాట.

"...తలుపు లోపలున్నవాళ్ళకీ... తలుపు బయటున్నవాళ్ళకీ... మంచి రాత్రి."

జెజీగా భయం ఎటు పోయిందో తెలీదు. ఆ గొంతు వెనకాల ఆ పిల్ల నరకానికైనా నడుస్తుంది. తలుపు తోసింది. తాళం లేదు.

చీకటి. చీకట్లో మూల ఒక ఎర్రటి చుక్క, మిణుకుమంటూ. ఆ చుక్క ముందు ఒక ఆకారం... తలమీదుగా ఉన్ని దుప్పటి కప్పుకుని, మొహం లేకుండా.

"బిస్మిల్లా," అంది జెజీగా. 

ఆకారం ఉలిక్కిపడి ఆ ఎర్ర చుక్కని దుప్పట్లోకి లాక్కుంది, దొంగ గుమ్మడికాయ దాచుకున్నట్టు. గొంతు మాత్రం ఆగలేదు. ఆ మనిషి పక్కటెముకల్లోంచి మాట్లాడుతున్నట్టు వస్తూనే ఉంది.

లాంతరు పైకెత్తి చూస్తే... ఫెత్తా అన్న. దా రెజ్కీ. డెబ్భై ఏళ్ళవాడని ఊరంతా 'దా' అంటుంది, పెద్దన్న అన్నట్టు. ఊళ్ళో ఎవడు నవ్వినా కళ్ళెర్రజేసే మనిషి. గడ్డమంతా తడిసి ఉంది.

"ఎవరికీ చెప్పకు," అన్నాడు.

"దా రెజ్కీ! మీరా నవ్వేది?"

"టేపు. నేను కాదు."

"ఇది లల్లా తిజిరి గొంతు. ఆవిడ టేపులు మీ దగ్గరెందుకున్నాయి?"

ఆయన దుప్పట్లో తడుముకుని మీట నొక్కాడు. గొంతు ఆగింది.

"ఇది ఫెత్తా," అన్నాడు.

జెజీగాకి మొదట అర్థం కాలేదు. "ఫెత్తా మూగది కదా, దా!"

"మూగది కాదు తల్లీ. నేను మూగదాన్ని చేశాను."

గుసగుసగా చెప్పాడు, ఇంకా ఎవరో వింటారన్నట్టు. నాన్న పోయిన ఏడు ఇంట్లో పిండి లేదు. ఫెత్తాకి పంతొమ్మిదేళ్ళు. ఒక పెళ్ళిలో దాని మాట విని రేడియో ఆయన ఉద్యోగమిస్తానన్నాడు. ఊళ్ళో నలుగురూ ఏమంటారో అని దా రెజ్కీ జడిశాడు. ఒక సాయంత్రం కోపంలో అన్నాడు: వెళ్ళు, కానీ అక్కడ నీ పేరు వినపడకూడదు, ఇక్కడ నీ గొంతు వినపడకూడదు.

"ఒక్కసారే అన్నాను, జెజీగా. మళ్ళీ ఎప్పుడూ అనలేదు. అది నలభై ఏళ్ళు పాటించింది. మంగళవారం పట్నంలో మాట్లాడి టేపులో పెట్టి వచ్చేది, గురువారం వాళ్ళు వేసేవారు. నాతో కూడా చేతులతోనే మాట్లాడేది."

"ఇక చాల్లే, మాట్లాడు అని చెప్పలేకపోయారా?"

"అడుగుతుందనుకున్నాను. అడిగితే సరేనందును... ఏమో. అననేమో."

గురువారం ఎనిమిదైతే ఆయన చేనుగట్టుకి వెళ్ళి కూర్చునేవాడట, ఏ ఇంట్లోంచీ ఆ గొంతు చెవిన పడకుండా. పూడ్చిన మర్నాడు రాత్రి రేడియో వాళ్ళు పంపిన బండివాడు పెట్టె నిండా టేపులు తెచ్చి, ఎవరికీ కనబడకుండా ఇచ్చి వెళ్ళాడు. అప్పట్నుంచి వింటున్నాడు. సొంత చెల్లెలి మాట, నలభై ఏళ్ళకి, మొదటిసారి.

జెజీగా అక్కడే, ఆ మట్టి నేలమీద కూలబడింది. ఆరేళ్ళ కిందటిది గుర్తొచ్చింది: రేడియోలో ఉత్తరం వచ్చిన మర్నాడు ఊట దగ్గర మూగ ఫెత్తా కుండ దించి, వచ్చి, తన తలమీద చెయ్యి వేసింది. గొడ్రాలి దిష్టి తగులుతుందని తను ఆ చెయ్యి విదిలించేసింది. అప్పుడు ఫెత్తా పెదవులు కదిలాయి. ఏదో అనబోయి, చుట్టూ ఉన్న ఆడవాళ్ళని చూసి, మూసుకుంది.

"బాగా మాట్లాడేదా?" అని దా రెజ్కీ అడుగుతున్నాడు. "మీరంతా విన్నారుగా. జనం వినేవారా?"

జెజీగా చెప్పింది. రెండు వందల పది రాత్రుల సంగతి చెప్పింది. ఊటదగ్గరి చెయ్యి సంగతి కూడా దాచలేదు. ముసలాయన వింటూ దుప్పటి అంచు నోట్లో కుక్కుకున్నాడు.

అది తీసి అన్నాడు: "ఒక టేపులో ఒక నవ్వుంది. దాని ముందు మాట చెరిగిపోయింది. ఎందుకు నవ్విందో ఎంత వెనక్కి తిప్పినా తెలియడం లేదు. పంతొమ్మిదో ఏడు దాటాక నా ముందు నవ్వలేదది. నీకేమైనా గుర్తుందా?"

గుర్తులేకేం? ఆ రోజు మేమందరం నవ్వాం.

"ఒక ముసలాయన ఉత్తరం, దా. 'నా భార్య మీరు చెప్పినట్టే నాతో మెత్తగా మాట్లాడుతోంది, నాకు భయంగా ఉంది, దయచేసి పాత పద్ధతికి మార్చండి' అని."

దా రెజ్కీ కళ్ళార్పకుండా చూశాడు. ముందు చిన్న దగ్గు వచ్చింది. తర్వాత నవ్వాడు... అన్నాచెల్లెళ్ళ నవ్వు ఒకటే, అవే మూడు మెట్లు! నవ్వు సగంలో ఏడుపైపోయింది. ఆ ఏడుపు నేను మీకు చెప్పను, నాకు చేతకాదు.

"ఎల్లుండి నలభయ్యో రోజు," అంది జెజీగా. "కూస్కూస్ నూక వండించి ఊరికి పెట్టడం లేదా?"

"ఎవరు తింటారు? ఆ రాత్రి కాఫీయే చెట్టు తాగింది."

"చెప్పనివ్వండి, దా. ఫెత్తా ఎవరో ఊళ్ళో చెప్పనివ్వండి."

ఆయన పెట్టె మూత మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. 

"అది మాట ఇచ్చింది నాకు," అన్నాడు. "విడిపించాల్సిందీ నేనే. ఆలస్యం చేశాను. చెప్పు, తల్లీ."

నిన్న రాత్రి జెజీగా మొగుడు ఆకలితోనే నూనె ఆడించుకున్నాడు. ఆ పిల్ల సరాసరి నా గుమ్మంలోకి వచ్చి పడింది, పులుసు మూటతో సహా. ఇద్దరం తెల్లారేదాకా కూర్చున్నాం. శవం దగ్గర పాడటంలో ఈ కొండమీద నన్ను మించినది లేదంటారు. ఆ ముగ్గురిలో నేను లేను. రేడియోకి చెవి ఆనించి, తిజిరి కోసం ఏడుస్తూ, ఫెత్తా ఇంటికి వెళ్ళమని వచ్చిన మనిషిని నేనే కసిరి పంపాను.

లే, చిన్న కోడలా. అలా కళ్ళు తుడుచుకుంటూ కూర్చుంటే పని జరగదు. నలభయ్యో రోజు రేపే. శాలువా కప్పుకో. పై వీధి నుంచి మొదలుపెట్టి ఒక్క గడప వదలకుండా తిరుగు. మా తావూస్ ఇంటికి కూడా వెళ్ళు, అది దెయ్యానికి సలాం పంపింది, ఆ సలాం తనే వచ్చి చెప్పమను. గానుగ దగ్గరి వాళ్ళకీ చెప్పు, అవతలి లోయకి బస్సువాడి చేత కబురంపు. పొద్దుగూకేసరికి ఆడవాళ్ళంతా ఫెత్తా ఇంట్లో ఉండాలి, తెల్లారేదాకా పాడతాం. గదిలో చోటు చాలకపోతే వాకిట్లో కూర్చుంటాం, చలి అంటే ఊరుకోను.

వెళ్ళు... ఆగు, ఇలా రా. ఫెత్తా నలభయ్యో రోజు అని ఒక్క పేరే చెప్పి వచ్చేశావో, మళ్ళీ ముగ్గురే వస్తారు. ప్రతి గుమ్మంలో నిలబడి రెండు పేర్లూ చెప్పు. గట్టిగా చెప్పు.