నాలుగో దూలంలో గాటు

ఆమదాలవలస స్టేషన్ బెంచీ మీద ధాన్యం బ్రోకర్ వేషంలో కూర్చున్న గూఢచారి శాఖ చీఫ్ నరసింగరావు, పక్కనే వచ్చి కూర్చున్న ఏజెంట్ ఫిన్నీ వైపు తలైనా తిప్పలేదు.

“సన్నాలు ఉన్నాయేటి?”

“తడిసిన సరుకు అమ్మనండి.”

కోడ్ కలిసింది.

“రెండింటికి మిస్సైళ్ల స్పెషల్ ట్రైన్ నాగావళి బ్రిడ్జి దాటతాది. దాన్ని ఏట్లో పడెయ్యాలని ఫారిన్ ముఠా ప్లాను. బాంబు కోసం అంతా ఎతికించినాను, దొరకనేదు. ఇంక గంటే ఉన్నాది.”

ఫిన్నీ వంతెన కిందకు చేరి, అగ్గిపెట్టెంత సెన్సర్‌ని ఒక్కో దూలానికీ ఆనించి వింటూ పోయాడు. నాలుగో దూలంలో టిక్కుటిక్కుమని సన్నని చప్పుడు. బాంబు కాదు. కాంక్రీటు లోలోపల చిట్లుతున్న చప్పుడు. అప్పటికి రెండు కావడానికి పది నిమిషాలే ఉంది. పైపూత గీకి చూశాడు. అడుగున, లోపలి కడ్డీలతో సహా తెగేలా, రంపంతో కోసిన గాటు. లోతు కొలిచాడు. పద్దెనిమిది సెంటీమీటర్లు.

మళ్లీ కొలిచాడు. అదే పద్దెనిమిది.

ఆ పద్దెనిమిది అతను కట్టిన లెక్కే. అతనికి ఫ్రాక్చర్ మెకానిక్స్, అదే పగుళ్ల శాస్త్రం, నేర్పింది స్వర్ణ. డిపార్ట్‌మెంట్‌లో కాంక్రీట్ ఎక్స్‌పర్ట్, వచ్చే నెల అతని పెళ్లికూతురు. “కాంక్రీటు ఎంత గట్టిదన్నది కాదు ఫిన్నీ, అందులో పగులు ఎంతుందన్నదే ముఖ్యం. అది ఒక హద్దు దాటిందా, పైనున్న బరువే దూలాన్ని చీల్చేస్తుంది” అనేది. రిసెర్చ్ పేపర్ కోసమంటూ ఓ లెక్క ఇచ్చింది. దూలం మామూలు బండ్లకి నిలిచి, బరువైన బండికి మాత్రమే కూలాలంటే గాటు లోతెంత? ఆమె మెచ్చుకోవాలని రెండు రోజులు కూర్చుని తేల్చాడు.

“ఈ దూలం సేఫ్ అని రిపోర్ట్ రాశానుగా.”

వెనక స్వర్ణ. నల్లకళ్లద్దాలు, పట్టుచీర, చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్.

“ఎప్పట్నుంచి?”

“మొదట్నుంచీ. నిన్ను కలవమన్నదే వాళ్లు.”

“మా అమ్మ నీ తల మీద సెయ్యెట్టి ప్రార్థన సేసినాది గదే, స్వర్ణా!”

ఒక్క క్షణం పిస్టల్ కిందకు దిగింది. అంతలో ట్రైన్ కూత. ఫిన్నీ గుప్పెడు ఇసుక ఆమె మొహాన కొట్టి గట్టు మీదకు పరుగెత్తాడు. తూటా భుజాన్ని చీల్చుకుపోయింది.

“ఎర్ర జెండా ఊపు మావా! బండి ఆపు!”

గట్టు మీద పట్టాలు చూసుకుంటున్న గ్యాంగ్‌మన్ కూర్మయ్య ఎందుకని అడగలేదు. పట్టాల మధ్య నిలబడి ఊపాడు. నెమ్మదిగా వస్తున్న ఇంజిన్ కీచుమంటూ, నాలుగో దూలానికి మూడడుగుల ఇవతల ఆగింది.

పారిపోతున్న స్వర్ణను, బండి ఆగడం చూసి పరుగెత్తుకొచ్చిన చీఫ్ మనుషులు పట్టుకున్నారు. జీపెక్కేటప్పుడు కూడా ఆమె అతని వైపు చూడలేదు. అతను మాత్రం జీపు కనుమరుగయ్యేదాకా చూస్తూనే ఉన్నాడు.

భుజానికి కట్టు కడుతుండగా అమ్మ ఫోన్.

“ఒరే, ఆదివారం స్వర్ణ మనింటికి భోజనానికి వస్తాదా?”

“రాదమ్మా,” అన్నాడు ఫిన్నీ. “ఇంక దానికి భోజనం గవర్నమెంటే పెడతాది.”